కెటిల్ నుంచి బాయికాడి మోటారు దాకా: పెట్టిన శక్తిలో ఎంత పనికొస్తోందో మీరే కొలవండి

కొత్త ఫ్రిజ్ కొన్నా, మోటారు కొన్నా దుకాణంలో ఒకటే మాట: "సార్, ఇది కరెంటు తక్కువ తింటది." పెట్టె మీద స్టార్లు కూడా ఉంటాయి. అయితే ఆ స్టార్లు ల్యాబులో వచ్చినవి. మీ వంటగదిలో, మీ బావి గట్టు మీద అదే వస్తువు ఎలా పనిచేస్తోందో తెలియాలంటే మీరే కొలవాలి. దానికి ఇంజినీరు కానక్కర లేదు. ఒక ఫోను, లీటరు కొలపాత్ర, వంద డిగ్రీల దాకా చూపే థర్మామీటరు, టేపు, కిరాణా దుకాణంలో ఉండే ప్లాట్‌ఫాం కాంటా ఉంటే చాలు. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం పనికిరాదు, వేడినీళ్లలో పెడితే పాడవుతుంది.

లెక్క అంతటా ఒకటే. మనకు కావలసిన పనికి పట్టిన శక్తిని, మనం పెట్టిన మొత్తం శక్తితో భాగించండి. వచ్చేదే దక్షత, అంటే ఎఫిషియన్సీ. మిగతా శక్తి మాయమైపోదు. గిన్నె అంచుల పక్క నుంచి పైకి పోయే వేడిగానో, మోటారు బాడీ కాగడంగానో, పైపులో నీళ్ల రాపిడిగానో ఎక్కడో తేలుతుంది. అదెక్కడ తేలుతోందో కనిపెట్టడమే అసలు పని.

ముందు మీటరు చదవండి

ఇంటి డిజిటల్ మీటరు మీద ఎర్ర లైటు ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని దగ్గరే 3200 అనో 1600 అనో ఒక అంకె, పక్కన ఇంగ్లిష్‌లో ఇంప్/కిలోవాట్ అవర్ అని రాసి ఉంటుంది. 3200 అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ తిరిగినట్టు. ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు. కాబట్టి 3200 మీటరులో ఒక్కో మిణుకు 1.125 కిలోజౌళ్లు. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దాంతోనే లెక్కించండి.

ఇప్పుడు ఇంట్లో అన్నీ ఆపండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్గులు కూడా తీయండి. లైటు మిణకడం ఆగిందా? ఆగకపోతే ఇంట్లో ఇంకేదో కరెంటు లాగుతోంది. సెట్‌టాప్ బాక్సో, వైఫై రూటరో, గోడకే వదిలేసిన చార్జరో అయ్యుంటుంది. వెతికి ఆపండి. హనుమకొండ అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఉంటాయి కాబట్టి ఒకరు కింద, ఒకరు పైన నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటూ చేయాలి. పదో తరగతి పిల్లలుంటే ఈ పని వాళ్లకు ఇవ్వండి, విశిష్టోష్ణం (కిలో పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి) పాఠం జన్మలో మరిచిపోరు.

లీటరు నీళ్లు, కెటిల్

రాత్రే ఒక బిందెలో నీళ్లు పట్టి ఉంచండి. పొద్దున్నకు అవి గది వేడిమికి వచ్చి ఉంటాయి. అందులోంచి సరిగ్గా ఒక లీటరు కెటిల్‌లో పోసి, థర్మామీటరు చూసి రాసుకోండి. 28 డిగ్రీలు అనుకుందాం. స్విచ్ వేసి, 90 డిగ్రీలు రాగానే ఆపండి. మరిగేదాకా ఆగొద్దు. మరిగేటప్పుడు ఆవిరిగా పోయే శక్తి ఈ లెక్కలోకి రాదు. పైగా 'మరిగింది' అని ఏ క్షణాన అనాలో ఇద్దరు మనుషులు ఒప్పుకోరు.

కెటిల్ నడుస్తున్నంతసేపూ మిణుకులు లెక్కపెడితే తప్పు పోతుంది, సెకనుకు ఒకటికి పైనే వస్తాయి. దానికి బదులు 30 సెకన్లు ఫోన్లో వీడియో తీసి, తర్వాత నిదానంగా లెక్కించండి. 30 సెకన్లలో 40 మిణుకులు వస్తే, 40 × 1.125 = 45 కిలోజౌళ్లు. అంటే సెకనుకు ఒకటిన్నర కిలోజౌళ్లు, 1500 వాట్లు. కెటిల్ అడుగున రాసిన వాట్లతో పోల్చి చూడండి. వోల్టేజి తక్కువున్న వేళ ఈ అంకె కచ్చితంగా తగ్గుతుంది, అది కెటిల్ లోపం కాదు.

నీళ్లకు పట్టినది: ఒక కిలో నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 4.19 కిలోజౌళ్లు. 62 డిగ్రీలకు సుమారు 260. కెటిల్ 200 సెకన్లు నడిచిందనుకోండి, పెట్టినది 300. దక్షత 87 శాతం చుట్టూ. మిగిలిన 13 పాళ్లు కెటిల్ గోడలు వేడెక్కడానికి, గాలికి పోయాయి. నీళ్లలో పూర్తిగా మునిగే హీటర్ రాడ్‌తో బకెట్ నీళ్లు కాచినా దాదాపు ఇంతే వస్తుంది. రాడ్ నీళ్లలో ఉండగా వేలు పెట్టి వేడి చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే చేయి పెట్టండి.

పది లీటర్లు, గ్యాస్ పొయ్యి

గ్యాస్‌కు మీటరు లేదు, తూకమే దిక్కు. లీటరు నీళ్లకు ఖర్చయ్యే గ్యాస్ పది గ్రాముల చిల్లర. అంత చిన్న తేడాను ముప్ఫై కిలోల సిలిండరు మీద కాంటా పట్టలేదు. అందుకే పెద్ద గంజులో పది లీటర్లు పెట్టండి.

సిలిండరు వాల్వు మూసి, రెగ్యులేటర్ తీసి, నిలువుగా కాంటా మీద పెట్టి తూయండి. రెగ్యులేటర్ ఉంచితే రబ్బరు ట్యూబు లాగుడుకే కాంటా యాభై గ్రాములు అటూ ఇటూ ఆడుతుంది. తూకం రాసుకుని, సిలిండరు దాని చోట పెట్టి, నీళ్లను 30 నుంచి 90 డిగ్రీలకు తీసుకురండి. ఆపి మళ్లీ అలాగే తూయండి.

నీళ్లకు పట్టినది 10 × 4.19 × 60, అంటే 2514 కిలోజౌళ్లు. కిలో ఎల్పీజీలో సుమారు 46,000 కిలోజౌళ్లు ఉంటాయి. మీకు 100 గ్రాములు తగ్గితే పెట్టినది 4600. దక్షత 55 శాతం. కాంటా పది గ్రాముల మెట్లతో చూపేదైతే మీ జవాబు కూడా పదో వంతు అటూ ఇటూ ఉండొచ్చని పక్కనే రాసుకోండి. ఆ మాట లేని అంకెను నేనైతే నమ్మను.

ఇంటి గ్యాస్ పొయ్యికి ల్యాబు పరీక్షలో కనీసం 68 శాతం రావాలని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ నియమం. మనింట్లో ఎందుకు తగ్గుతుంది? మంట గంజు అడుగు దాటి పక్కలకు ఎగబాకుతుంటే ఆ వేడంతా వంటగదికే. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకొంత. బర్నర్ రంధ్రాలు పూడిపోయి మంట పసుపుపచ్చగా వస్తుంటే గ్యాస్ పూర్తిగా కాలడం లేదన్నమాట, గంజు అడుగు నల్లబడేది అందుకే. మంట అడుగు లోపలే ఉండేలా తగ్గించి, మూతపెట్టి మళ్లీ కొలవండి. టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది, గ్యాస్ తక్కువ పడుతుంది. రెండూ ఒకేసారి కలిసిరావు.

ఇప్పుడు వెనక్కి నడవండి, చెల్పూరు దాకా

కెటిల్‌కు 87, గ్యాస్‌కు 55. కెటిలే గెలిచిందని రాసేసి ఊరుకోకండి. మనం కెటిల్ లెక్కను మీటరు దగ్గర మొదలుపెట్టాం, గ్యాస్ లెక్కను ఇంధనం దగ్గర. పరుగుపందెంలో ఒకరిని సగం దూరం నుంచి ఉరికించినట్టే. ఎవరైనా దక్షత ఇంత అని చెబితే, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని ముందు అడగాలి. ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుపెట్టుకోవాల్సింది నా దృష్టిలో ఇదొక్కటే, మిగతావి కాగితం మీద ఎప్పుడైనా చేసుకోవచ్చు.

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 500 మెగావాట్లది ఒకటి, 600ది ఒకటి, రెండు యూనిట్లు. సింగరేణి బొగ్గు పక్కనే. బొగ్గు కాలి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైన్‌ను, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతాయి. ఇలాంటి కేంద్రాల్లో బొగ్గులోని 100 పాళ్ల శక్తిలో 35 నుంచి 38 పాళ్లే కరెంటవుతాయి. ఇది నిర్వహణ లోపం అనుకునేరు, కాదు. 540 డిగ్రీల ఆవిరితో నడిచి, 40 డిగ్రీల దగ్గర వేడిని వదిలే ఏ యంత్రమైనా, ఎంత గొప్పగా చేసినా, 61.5 శాతం దాటలేదు. 1824లో సాది కార్నో అనే ఫ్రెంచి ఇంజినీరు చూపించిన హద్దు నుంచి వచ్చే లెక్క ఇది. ఆ డిగ్రీలకు 273 చొప్పున కలిపి, 313ను 813తో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయండి, మీకే వస్తుంది. అసలు యంత్రం ఆ హద్దు కన్నా ఎంతో కిందనే ఉంటుంది. పోయిన వేడిలో ఎక్కువ భాగం కూలింగ్ టవర్ల మీంచి తెల్లగా లేచే ఆవిరితో పోతుంది, కొంత చిమ్నీలోంచి.

కేంద్రంలో పంపులకు, ఫ్యాన్లకు, బొగ్గును పొడి చేసే మిల్లులకు కొంత. లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత. మీ మీటరుకు చేరేసరికి 100లో 30 మిగిలాయనుకోండి. దాంట్లో కెటిల్ 87 శాతం అంటే బొగ్గు నుంచి నీళ్లలోకి 26 పాళ్లు. గ్యాస్ 55. పందెం తారుమారైంది. నిజమే, గ్యాస్ కూడా రిఫైనరీ, లారీ దాటి వస్తుంది, దాని లెక్కలో కూడా కొంత కొయ్యాలి. అయినా తేడా పూడదు.

ఇంకోలా చూడండి. ఒక యూనిట్ తయారీకి సుమారు 650–700 గ్రాముల బొగ్గు పడుతుంది. చలికాలం పొద్దున పదిహేను లీటర్ల బకెట్‌ను 22 నుంచి 42 డిగ్రీలకు రాడ్‌తో కాచుకుంటే మూడో వంతు యూనిట్‌కు కాస్త పైన. లైన్ల నష్టం కూడా కలిపితే ఒక మనిషి స్నానానికి పావుకిలో బొగ్గు. మన కరెంటంతా బొగ్గుదే కాదు. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలవిద్యుత్తు ఉంది, సోలార్ ఉంది. వాటి వాటా పెరిగే కొద్దీ ఈ లెక్క మారుతుంది. కెటిల్ మారదు, దాని వెనకున్నది మారుతుంది.

ఇంటి మీద సోలార్ పెట్టాలనుకుంటే

ఇది క్లుప్తంగా. ఇప్పటి ప్యానెళ్ల దక్షత 20 శాతం చుట్టూ. "ఇరవయ్యేనా?" అని తీసిపారేయొద్దు. మిగతా ఎనభై పాళ్ల ఎండకు ఎవరూ బిల్లు వేయరు. దక్షత తక్కువైతే ఎక్కువ చోటు పడుతుంది, అంతే. కాబట్టి ఇక్కడ కొలవాల్సింది డాబా మీది ఖాళీ, దాని మీద పడే నీడ. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ సుద్దముక్కతో గీసుకోండి. ఆ పని డిసెంబరులో చేస్తే మంచిది, అప్పుడే నీడలు పొడుగు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన దగ్గర ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది.

మే నెల ఎండ చూసి అప్పుడే ఎక్కువ వస్తుందనుకుంటారు. ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. రామగుండం ఎండల్లో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే ఏడో వంతు దాకా పోయినట్టే. అక్కడి ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు ఉంది. కింద నీళ్లుండటం వల్ల ప్యానెళ్లు కాస్త చల్లగా ఉండటం దాని లాభాల్లో ఒకటి. మీ డాబా మీద ఆ సౌకర్యం లేదు కాబట్టి ప్యానెళ్ల కింద గాలి ఆడేంత ఎత్తులో ఫ్రేము వేయమనండి.

బాయికాడి మోటారు

అసలు నష్టమంతా ఇక్కడుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. బిల్లు రాదు, చాలాచోట్ల మీటరే ఉండదు. అందుకని మోటారు ఎంత తింటోందో రైతుకు తెలిసే దారి లేదు. బిల్లు లేకపోయినా వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) కాలితే ఖర్చు ఎవరిది? మడి తడవడానికి రెండు గంటలు పట్టాల్సింది నాలుగు పడితే ఆ కాలం ఎవరిది? అందుకే కొలవమంటున్నాను.

బోరులో నీటిమట్టం పట్టుకోవడం కష్టం, తాడు దింపితే కేబుల్‌కు చుట్టుకుంటుంది. వ్యవసాయ బావితో మొదలుపెట్టండి.

ఒకటి, నీళ్లు. 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి, ముందు బకెట్లతో కొలిచి పోసి ఎక్కడికి వస్తే 200 అవుతుందో గీత పెట్టండి. డ్రమ్ము అంచుదాకా ఎప్పుడూ 200 కన్నా ఎక్కువే పడుతుంది. మోటారు వేసి పది నిమిషాలు నడవనిచ్చి, పైపు మూతి డ్రమ్ములోకి తిప్పి, గీత దాకా నిండే టైమ్ ఫోన్లో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. 20 సెకన్లు వస్తే సెకనుకు 10 లీటర్లు.

రెండు, ఎత్తు. మోటారు నడుస్తుండగానే బావిలో నీటి మట్టం నుంచి పైపు మూతి దాకా నిలువు దూరం కొలవండి. బరువు కట్టిన తాడు చాలు. బావిలోకి వంగొద్దు, గట్టు మీద పడుకుని ఇంకొకరిని కాళ్లు పట్టుకోమనండి. 15 మీటర్లు అనుకుందాం.

మూడు, కరెంటు. ఇది మీరు చేయొద్దు. తడి నేల మీద స్టార్టర్ డబ్బా తెరవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మూడు ఫేజుల్లో ఆంపియర్లు, ఫేజుల మధ్య వోల్టేజి చూడమనండి. 400 వోల్టులు, 7 ఆంపియర్లు వచ్చాయనుకుందాం. 1.732 × 400 × 7 (1.732 మూడు ఫేజుల లెక్కలో వచ్చే అంకె), దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే వోల్టులు, ఆంపియర్ల లెక్కలో నిజంగా వాట్లుగా మారే వంతుతో, 0.82 అనుకుని గుణిస్తే దాదాపు 4000 వాట్లు. మూడు ఫేజుల్లో ఆంపియర్లు బాగా తేడాగా ఉంటే లెక్క అక్కడే ఆపి, ముందు ఆ సంగతి చూపించండి. మోటారు కాలడానికి అది దగ్గరి దారి. కెపాసిటర్ పెట్టి ఉంటే ఆంపియర్లు తగ్గి కనిపిస్తాయి, పవర్ ఫ్యాక్టర్ పెరిగి ఉంటుంది. పాత 0.82నే వాడితే మోటారు ఉన్నదానికంటే మంచిదిగా తేలుతుంది. లైనుకు కెపాసిటర్ మేలే, మోటారు చేసే పని మాత్రం దానివల్ల పెరగదు.

నీళ్లు ఎత్తడానికి పట్టినది: సెకనుకు లీటర్లు × ఎత్తు × 9.81 (భూమి ఆకర్షణ అంకె). అంటే 10 × 15 × 9.81 = 1471 వాట్లు. పెట్టినది 4000. దక్షత 37 శాతం. ముప్ఫైకి కింద వచ్చినా కంగారుపడొద్దు, అలాంటి మోటార్లు ఊరి నిండా ఉంటాయి. మంచి మోటారు, సరైన పంపు, సరైన పైపు కలిస్తే యాభై దగ్గరకు వస్తుంది. కాళేశ్వరం ప్రాజెక్టులోని లక్ష్మీపూర్ గాయత్రి భూగర్భ పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు, మన 5 హెచ్‌పీ మోటార్లు 37 వేలకు పైగా కలిపినంత. అక్కడి ఇంజినీర్లు వేసే లెక్క కూడా ఇదే, లీటర్ల బదులు ఘనపు మీటర్లు.

పోయిన 63 పాళ్లను వెతికేటప్పుడు చాలామంది నేరుగా మోటారు మీద పడి రివైండింగ్‌కు పంపుతారు. నేనైతే ముందు పైపు చూడమంటాను. సెకనుకు 10 లీటర్లు, 60 మీటర్ల పైపు. రెండున్నర అంగుళాల పైపులో ఆ రాపిడికి పోయే శక్తి నీళ్లను ఇంకో 8 మీటర్లు ఎత్తినంత. అంటే మీ 15 మీటర్ల బావి మోటారు దృష్టిలో 23 మీటర్ల బావి. మూడంగుళాల పైపు వేస్తే ఆ 8 దాదాపు 3 అవుతుంది. పైపు లోపలి వెడల్పు కొంచెం పెరిగితే రాపిడి అంతకు ఎన్నో రెట్లు తగ్గుతుంది, ఐదో ఘాతంతో. మోటారు మార్చే ఖర్చుతో పోలిస్తే పైపు మార్చడం చవక.

తర్వాత పైపు మూతి. నీళ్లు ఎగిసిపడుతుంటే కళ్లకు బాగుంటుందని మూతిని మనిషెత్తున పెడతారు. ఆ మనిషెత్తు కూడా మోటారు మోయాల్సిందే. కాలువ మట్టానికి దించండి. పక్కనే తొంభై డిగ్రీల ఎల్‌బోలు ఉంటే పొడుగు వంపు బెండ్లు వేయించండి. గట్టు మీద మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) అయితే నీళ్లలో ఉండే పైపు చివరి ఫుట్‌వాల్వ్ జాలీలో ఆకులు, నాచు ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా అంకె కదలకపోతే అప్పుడు ఇంపెల్లర్ (పంపులో నీళ్లను తోసే చక్రం) అరుగుదల, ఆ తర్వాతే వైండింగ్.

ఒక మార్పు చేశాక డ్రమ్ము పరీక్ష, ఆంపియర్లు రెండూ మళ్లీ చూడండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. పైపు పెద్దది చేశాక ఆంపియర్లు కాస్త పెరగడం మామూలే, అడ్డు తగ్గి నీళ్లు ఎక్కువ పోస్తుంది కాబట్టి. మోటారు ప్లేటు మీది ఆంపియర్లు దాటితే మాత్రం డెలివరీ వాల్వు కొంచెం మూయాలి. బావిలో ఊట అంతే ఉంటుందన్నదీ మరవొద్దు. నీళ్లు తొందరగా తోడేసే మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే ఖాళీ బావిలో తిరుగుతుంది.

కొలతల పక్కన తేదీ, ఆ రోజు నీటి మట్టం తప్పకుండా రాయండి. అక్టోబరులో 6 మీటర్ల లోతున ఉన్న నీళ్లు మే నాటికి 15కు దిగుతాయి. అదే మోటారు, అదే పైపు, కానీ డ్రమ్ము నిండే టైమ్ మారిపోతుంది. మట్టం రాసుకోకపోతే ఎండాకాలం వచ్చిన తేడాను మోటారు మీద వేసి, బాగున్నదాన్ని విప్పించే ప్రమాదం ఉంది.